తిరిగొచ్చిన కథ

నా కథ తిరిగొచ్చిన ప్రతిసారీ ఒకటే ఓదార్పు: "మనసు గట్టి చేసుకో, శిల్పం మెరుగుపరుచుకో." గట్టిపడాల్సింది ఎప్పుడూ మనమేనా? ఒక సంపాదకుడు "వస్తువు పరిధి చిన్నది" అని రాశారు. వంటిల్లు చిన్నదనీ రచ్చబండ పెద్దదనీ ఏ కొలబద్ద చెప్పింది?

భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో అచ్చయింది, గురజాడ 'దిద్దుబాటు' 1910లో. అయినా దశాబ్దాల పాటు తొలి కథ కిరీటం 'దిద్దుబాటు'కే పెట్టారు. అచ్చయిన కథనే చూడలేకపోయిన కళ్ళు, అచ్చుకాని మన కథల్ని సరిగ్గా చదివాయని ఎలా నమ్మడం?

శిల్పంలో లోపముంటే ఎక్కడో చెప్పమందాం, దిద్దుకుందాం. మన లోకమే చిన్నదంటే మాత్రం ఒక్క అక్షరం మార్చొద్దు. ఆ కథనే ఇంకో పత్రికకి పంపుదాం.