హ్యాండిల్ మధ్యలో పట్టేస్తోందా? బండి బయటికి తీయకండి

పాతబస్తీలో పాత బండి నడిపేవాళ్లు వానలకి ముందే చేయించుకోవాల్సిన పని ఒకటుంది. మలుపులో బండి మాట వినడం లేదని, గుంతలో పడగానే పక్కకి లాగేస్తోందని లావు టైరు, ఎత్తు షాకప్పులు వేయించే ఆలోచనలో ఉంటే వెంటనే మానుకోండి. ఆ డబ్బుతో అరిగిపోయిన బేరింగులు, బుష్‌లు మార్పించండి.

ఇక్కడి గల్లీల్లో ఆర్‌ఎక్స్ 100కి ఉన్న గిరాకీ అందరికీ తెలుసు. దాని తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. అంటే వాటిలో అన్నిటికంటే కొత్త బండికి కూడా దాదాపు ముప్పై ఏళ్లు. తేలికైన బండి, చురుకైన ఇంజను, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. కుర్రాళ్లు దాని ఇంజను బోరు చేయిస్తారు, ట్యాంకుకి రంగేయిస్తారు, సైలెన్సరు మారుస్తారు. కంటికి కనిపించని బేరింగుల జోలికి మాత్రం ఎవరూ పోరు. పాత బుల్లెట్లు, సీడీ 100లు, తొలినాటి స్ప్లెండర్ల సంగతీ ఇంతే.

ముందుగా చూడాల్సింది హ్యాండిల్ కింద ఉండే బాల్ రేసు. కొందరు మెకానిక్కులు కోన్ సెట్ అంటారు. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యకొచ్చేసరికి పట్టేసినట్టయితే రేసు పోయినట్టే. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి, గుంతలో పడ్డ ప్రతిసారీ లోపలి గుండ్లు ఒకేచోట గుద్దుకుంటాయి. ఏళ్ల తరబడి అలా గుద్దుకుని రేసులో సన్నటి సొట్టలు పడతాయి. గుండు వెళ్లి సొట్టలో కూర్చోగానే హ్యాండిల్ ఇరుక్కుంటుంది. నడిపేవాడు తనకి తెలియకుండానే క్షణక్షణం చేసే చిన్న చిన్న సర్దుబాట్లకి అది లొంగదు. బలం పెడితే కావాల్సినదానికన్నా ఎక్కువ తిరుగుతుంది. బండి పాములా మెలికలు తిరుగుతోందన్న ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. నట్టు బిగించి పంపేస్తే ఆట తగ్గినట్టు అనిపిస్తుంది గానీ సొట్ట ఎక్కడికీ పోదు, పట్టు ఇంకా బిగుస్తుంది. పైనా కిందా కప్పులు, గుండ్లు మొత్తం మార్చాల్సిందే.

తర్వాత వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ నెట్టండి. స్వింగార్మ్ మొదట్లో కదలిక తెలిస్తే బుష్‌లు అరిగాయని అర్థం. అలాంటి బండి మలుపులో ముందు ఒక దారిన, వెనక ఒక దారిన పోతుంది. చైను బిగించేటప్పుడు రెండు వైపులా గీతలు సమానంగా లేకపోయినా చక్రం వంకర తిరుగుతుంది. ముందు ఫోర్కుల్లో ఆయిల్ ఏనాడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడు మార్చండి, రెండు కాళ్లలోనూ ఒకే కొలత పోయించండి.

టైరు పక్కన నాలుగంకెలు అచ్చయి ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాట్లు బాగున్నా రబ్బరు గట్టిపడిన పాత టైరుకి తడిలో పట్టుండదు. బోడి టైరుకి కత్తితో మళ్లీ గాట్లు కోసినది ఎంత చవకకి వచ్చినా కొనకండి.

లావు టైరు ఎందుకు వద్దంటున్నామంటే, ఆర్‌ఎక్స్ 100కి కంపెనీ ఇచ్చిన వెనక టైరు 2.75-18. ఆ సన్నటి రిమ్ముకి లావుది ఎక్కిస్తే అంచులు నొక్కుకుపోయి టైరు ఆకారమే మారిపోతుంది, చైనుకో స్వింగార్మ్‌కో రాసుకుంటుంది. వెనక ఎత్తు షాకప్పులు వేస్తే ముందు ఫోర్కు నిటారుగా అయి హ్యాండిల్ తేలిపోతుంది, వేగంలో వణుకుతుంది. ఛాసిస్ కోసి వెల్డింగ్ పెట్టించడం ఇంకా ప్రమాదం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది.

ఇంత గట్టిగా చెప్పడానికి ఈ రోడ్లే కారణం. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ, అలియాబాద్ మీదుగా ఇళ్లూ దుకాణాలూ కూలగొట్టారు. ఇటుకపొడి, మట్టి, డీజిల్ చుక్కలు పేరుకున్న రోడ్డు మీద మొదటి వాన పడితే అడుసు అయిపోతుంది. చార్మినార్ చుట్టూ పరిచిన రాతి నేల తడిస్తే నున్నగా జారుతుంది. పక్కన ఆటో, ఎదురుగా తోపుడు బండి, మధ్యలో రోడ్డు దాటే పిల్లలు. హ్యాండిల్ పట్టేసే బండితో అక్కడ తప్పించుకోవడానికి జాగా ఉండదు.

పదిహేనేళ్లు దాటిన బండి రెన్యువల్‌కి వస్తే, ఛాసిస్ నంబరుతోపాటు ముందు చక్రం లేపి హ్యాండిల్ కూడా తిప్పి చూడాలని రవాణా శాఖను కోరుతున్నాం. శబ్దం చేసే సైలెన్సరు రోడ్డు మీదే దొరికిపోతుంది, అరిగిన బుష్ దొరకదు.

ఉస్తాద్‌లకి ఒక మనవి. కుర్రాడు లావు టైరు కావాలని వస్తే, ముందు వాడి చేత్తోనే హ్యాండిల్ తిప్పించండి. రేసు పట్టేస్తుంటే రేపు చూద్దామని తాళం ఇచ్చి పంపకండి, బండి షాపులోనే పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా సాయంత్రం బండి బయటికి తీసేలోపు ఈ రెండు పరీక్షలు చేయించండి. పది నిమిషాలు పట్టదు.