సముద్రశాస్త్రము – తీరపు బడి

ఆంధ్రదేశమునకు తూర్పు సరిహద్దు సముద్రము. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు సుమారు 1000 కిలోమీటర్ల తీరము గలదు. ఈ తీరమునందలి విద్యార్థి భూగోళ పాఠము నొప్పజెప్పునప్పుడు గల్ఫ్‌స్ట్రీమ్ ప్రవాహము ఏ ఖండమునకు వెచ్చదనము గూర్చునో తడుముకొనక చెప్పగలడు. తన యింటికి కూతవేటు దూరమున నున్న యిసుకతీరము ఒక ఋతువున వెడల్పుగాను, మరియొక ఋతువున సన్నముగాను ఏల యుండునని యడిగినచో నోరు మెదపడు. ఈ మౌనము బాలుని తప్పు కాదు. సముద్రము అతని కంటి యెదుట నున్నది. అతని పుస్తకములో లేదు.

శాస్త్రము లేకపోవుటచేత ఈ కొరత కలిగినదనుటకు వీలులేదు. 1950 దశకపు తొలినాళ్ళలో అమెరికానుండి యూజీన్ లాఫాండ్ అను సముద్రశాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా వాల్తేరునకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సముద్రశాస్త్ర పరిశోధనకు పునాది వేసెను. ఆయనయు, ఆయన శిష్యులును నౌకాదళపు ఓడలపై సముద్రములోనికి పోయి నీటి వేడిమిని, ఉప్పదనమును, ప్రవాహములను కొలిచిరి. ఒడ్డున నిలిచి యిసుక యెత్తును కొలిచిరి. ఆ పరిశోధనలు 1954లోను, 1958లోను సంపుటములుగా వెలువడినవి. తరువాత అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధన యాత్రా సమయమున, 1963లో, ఈ తీరమున కెదురుగా సముద్రగర్భమునందలి లోయలను లాఫాండ్ పరిశీలించి, మూడింటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టెను. మహదేవన్ అనునది ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్రాచార్యుని పేరు. సముద్రపు టడుగున ఆంధ్ర నామము ధరించిన లోయ యొకటి కలదని తీరపు బడులలో ఎందరు విద్యార్థులు వినియుందురు?

ఆ పరిశోధనలలో ఒకదానిని చూడుడు. మార్చి, ఏప్రిల్ నెలలలో నైరుతినుండి వీచు గాలి తీరము వెంబడి సాగును. భూభ్రమణము వలన పైపొర నీరు గాలికి కుడివైపునకు, అనగా ఒడ్డునకు దూరముగా, తొలగిపోవును. ఆ వెలితిని పూరించుటకు లోతునుండి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిలో పోషకలవణములు మెండు. వానికి సూర్యకాంతి తోడుపడగానే కంటికి కానరాని నీటిమొక్కలు వృద్ధిపొందును. వానిని తిను చిన్న జీవులు, ఆ జీవులను తిను చేపలు అచ్చటికి చేరును. గాలి, భూభ్రమణము, రసాయనము, జీవశాస్త్రము, జాలరి బ్రదుకుతెరువు అన్నియు ఒకే పాఠములో నిమిడియున్నవి. ఇట్టి పాఠము ఆంగ్ల సంపుటములలో నిద్రించుచుండగా, బడిపిల్లలు పరదేశపు పటములు గీయుచున్నారు.

నీటి రంగును, పక్షుల వాలకమును, గాలి మలుపును చూచి వల వేయు జాలరికి ఫలితము తెలియును, కారణము తెలియదు. శాస్త్రజ్ఞునకు కారణము తెలియును; జాలరి మాట తెలియదు. ఇరువురి నడుమ నిలువదగినవాడు ఉపాధ్యాయుడు. బెస్తపల్లెనుండి వచ్చు బాలుడు తరచు తరగతిలో వెనుక వరుసన కూర్చుండును. సముద్రపు పాఠము నడచుననాడు వాడే ముందునకు వచ్చి, పోటు పాటుల వేళలను పదిమందికి చెప్పగలడు. తన తండ్రి యెరుకకు బడిలో గౌరవము గలదని గ్రహించిన బాలుడు బడి మానుట యరుదు.

ఇది పిల్లల వినోదమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. పౌరుల విజ్ఞతకు సంబంధించినది. తూర్పుతీరము వెంబడి ఇసుక నదివలె కదలుచుండును. ఏడాది మొత్తము మీద దాని నడక దక్షిణమునుండి ఉత్తరమునకు. దారిలో రాతికట్టు అడ్డుపడినచో దక్షిణపు వైపున ఇసుక మేట వేయును. ఉత్తరపు వైపున తీరము కోతపడును. మద్రాసు రేవు కట్టిన పిమ్మట మెరీనా తీరము విశాలమైనది. రాయపురము వైపు భూమి సముద్రము పాలైనది. విశాఖపట్టణమున రేవు త్రవ్వకపు ఇసుకను తెచ్చి నగరపు తీరమున పోయవలసివచ్చుచున్నది. కాకినాడకు చేరువనున్న ఉప్పాడ కొన్ని తరములుగా సముద్రమునకు నేలను సమర్పించుకొనుచునే యున్నది. ఇసుక నడక తెలియని ప్రజలు తమ యూరిముందు రాతిగోడ కావలెనని కోరుదురు. ఆ గోడ కోతను మాన్పక, పొరుగూరికి పంపుట గలదు. తెలిసిన ప్రజలైనచో, పునాదిరాయి పడకముందే తగిన ప్రశ్న వేయగలరు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. 'ఉప్పెన' అను పదము తెలుగువారు అనుభవమునుండి పొందినది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని చరిత్ర చెప్పును. 113 సంవత్సరముల పిమ్మట, 1977 నవంబరు 19న, దివిసీమను మరల సముద్రము కబళించెను. పదివేల ప్రాణములు పోయెను. ఈ రెంటి నడుమ నాలుగు తరములు గడచినవి. తాత చూచినది ముమ్మనుమనికి కథయై, పిదప కథయు కాక మాసిపోయెను. కుటుంబపు జ్ఞాపకమునకు ఆయుర్దాయము తక్కువ. పాఠశాల జ్ఞాపకమునకు అట్టి మితి లేదు.

ఉప్పెన యేల వచ్చునో చెప్పుట కష్టము కాదు. వాయుపీడనము ఒక మిల్లీబారు తగ్గిన నీరు ఒక సెంటీమీటరు పొంగును. అది స్వల్పమే. మిగిలిన పొంగును గాలి కలిగించును. లోతు తక్కువైన తీరజలమును గాలి ఒడ్డునకు నెట్టగా, వెనుకకు పోవ దారిలేక నీరు గోడవలె లేచును. సుడి అపసవ్యముగా తిరుగుటచేత, ఈ తీరమున తుఫాను బాటకు కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలపైకి వీచును. 1977లో తుఫాను కేంద్రము చీరాల ప్రాంతమున తీరము దాటినది. ఉప్పెన మాత్రము కుడిప్రక్కనున్న దివిసీమపై విరుచుకొనిపడినది. “కేంద్రము మన యూరికి దూరము” అని నిశ్చింతగా నుండువారికి ఇంతకంటె పెద్ద హెచ్చరిక లేదు.

నేడు హెచ్చరించు యంత్రాంగము బలపడినది. సముద్ర సమాచార సేవలకై జాతీయ కేంద్రము 1999లో హైదరాబాదున నెలకొన్నది. 2004 సునామీ పిమ్మట, 2007లో అచ్చటనే సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. చేపలు చేరు తావులను గూర్చిన సూచనలు తెలుగులో గూడ జాలరులకు అందుచున్నవి. ఇది కొనియాడదగిన సేవ. కాని హెచ్చరిక చెవిని పడుట వేరు, మనసున నాటుట వేరు. అర్థము తెలిసినవాడే ఇల్లు విడిచి లేచును. ఆ అర్థమును ముందుగా నాటవలసినది బడి.

పాఠ్యప్రణాళికలో చోటులేదని కొందరందురు. సముద్రము ప్రమాదకరమని మరికొందరందురు. ఈ పాఠమునకు కొత్త పుస్తకము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. సమానమైన రెండు కొలతకర్రలు, ఒక త్రాడు చాలును. ఒక కర్ర తలను దిక్కుచివరి సముద్రరేఖతో సరిచూచి, రెండవదానిపై భేదమును చదివిన ఇసుక వాలు తెలియును. నెలకొకమారు, పాటు వేళ, ఒకే తావున కొలిచి గోడపై పటము గీచినచో ఏడాదికి తీరపు చరిత్ర కనబడును. ఇందులకు నీటిలో కాలుమోపవలసిన పనిలేదు. ప్రమాదము మాటకు వచ్చిన, లోనికి లాగు ప్రవాహములో చిక్కినవాడు దాని కెదురీదక, తీరమునకు సమాంతరముగా ఈది తప్పించుకొనవలెనను సంగతి నేర్పకుండుటయే ప్రమాదము.

విశ్వవిద్యాలయములకును ఋణమొకటి కలదు. ఏడాదికొక దినము తలుపులు తెరచి గాజుసీసాలలోని చేపలను చూపినంత మాత్రమున అది తీరదు. తమ తీరమును గూర్చి కనుగొన్న ప్రతి ముఖ్య విషయమును నాలుగు పుటల తెలుగులో వ్రాసి, ఆ తీరపు బడులకు పంపుట వారి పనిలో భాగము కావలెను. జాలరులు వాడు గాలుల పేర్లు, ప్రవాహముల పేర్లు సేకరించి పరిభాషలో చేర్చిరేని భాషయు బాగుపడును, శాస్త్రమును నేలకు దిగును.

తీరమున పుట్టినవానికి సముద్రము జీవనము, భయము, భుక్తి. అది చదువు గూడ కావలెను. తదుపరి ఉప్పెన ఏనాడు వచ్చునో ఎవరును చెప్పలేరు. దానికి ముందు తరగతి గదిలో పాఠము జరుగవలెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.