జ్ఞకారము చేసిన నేరమేమి?

శ్రీరామనవమి వెళ్లి పున్నమి సమీపించిన రాత్రి ఒంటిమిట్టలో కోదండరామస్వామి కల్యాణమును చూచినవారికి వెన్నెల యెట్టిదో వేరుగ వర్ణింప నక్కరలేదు. పెక్కు క్షేత్రములలో పట్టపగలు జరుగు నుత్సవము ఇచట చంద్రుని యెదుట జరుగుట ఆచారము. 2015వ సంవత్సరమునుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీనిని రాష్ట్రోత్సవముగ జరిపించుచుండుటచే జనసమ్మర్దము మిక్కుటమైనది. తలంబ్రాల వేళకు వేలకొలది చేతులు పైకి లేచును. అందు మ్రొక్కు చేతులు కొన్ని, ఫోనులు పట్టిన చేతులు పెక్కు. దీనిని మేము దోషముగ నెంచము. ఇల్లు కదలలేని ముదుసలికి మనుమడు స్వామిని చూపుట పుణ్యకార్యమే గదా. మా మనసును కలచిన విషయము వేరు. ఆ పటముల క్రింద వ్రాసి పంపుచున్న మాటలు తెలుగు మాటలే. అక్షరములు మాత్రము తెలుగువి కావు. పోతనామాత్యుడు భాగవతమును రామున కంకితమొసంగిన చోటని పెద్దలు చెప్పుకొను నేలమీద నిలుచుండి (ఓరుగల్లువారు పోతన తమవాడందురు; ఆ వ్యాజ్యెములోనికి నేడు పోము) మన బిడ్డలు రాములవారి పెండ్లి ముచ్చటను రోమను లిపిలో వ్రాసికొనుచున్నారు.

ఇంతమాత్రమున కింత చింత యేలయని కొందరు నవ్వవచ్చును. వారు 2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జరిగిన యొక వింతను జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. అమెరికాదేశపు యాపిల్ సంస్థవారి ఐఫోనులు ఆ మాసమున దేశదేశములలో ఉన్నట్టుండి మూర్ఛపోజొచ్చినవి. కారణము విచారింపగా ఒక్క తెలుగక్షరమని తేలినది. జకారము, దానిక్రింద ఞకారపు వత్తు, దానికి దీర్ఘము. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమది! ఆ యక్షరముగల వార్త వచ్చినంతనే, వార్తలను చూపు యాపు మూతపడి మరల తెరువరాకపోయెను. వాట్సాపు మొదలగువానికిని ఇదే గతి పట్టెను. అదియే తెరమీద సూచనగ వచ్చినచో ఫోను ఫోనే స్తంభించి, ఆగుచు లేచుచు గిలగిల కొట్టుకొనెను. కొంటెవారికి ఇంతకంటె వేడుక యేమి కావలయును? తెలుగు ముక్క యొక్కటియైన నెరుగని యైరోపావారును అమెరికావారును ఆ యక్షరమును నాటుబాంబువలె నొకరిమీద నొకరు విసరుకొనిరి. కొందరు దానిని ట్విట్టరులో తమ పేరునకే తగిలించుకొని, చూచినవారి ఫోనులు కూలుచుండగా నవ్వుకొనిరి. యాపిల్‌వారు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సంఖ్యతో దిద్దుబాటును విడుదలచేసి ఆ తప్పును సరిచేసిరి.

మన పల్లెలలో ఆ ఖరీదైన ఫోను గలవారు తక్కువ గనుక ఆ పిడుగు మనమీద పడలేదు. మన పేరుమీద మాత్రము పడినది. లోకములోని పత్రికలన్నియు దానిని తెలుగక్షరపు దోషమనియే వ్రాసినవి. ఈ నింద ఎంత యన్యాయమో చదువరులు గ్రహింపవలయును. ఆ ఫోనులను పడగొట్టినది మనము బడిలో దిద్దుకొన్న జ్ఞా కాదు. ఆ సంయుక్తాక్షరమునకును దీర్ఘమునకును నడుమ, అక్షరములను కలియనీయక విడదీయుటకై యంత్రమువారు కల్పించిన కంటికి గానరాని చిహ్న మొకటి చొప్పింపబడినది. ఆ చోట దానిని పెట్టవలసిన యక్కర తెలుగు వ్రాయువారి కెవరికిని లేదు. అట్టి కూర్పులే బంగాళీ, దేవనాగరి లిపులలోను ఐఫోనులను పడగొట్టగలవని నిపుణులు పిమ్మట చూపిరి. అయినను పేరు తెలుగునకే నిలిచినది.

ఇది యెట్లు జరిగెనో కొంచెము విప్పి చెప్పుదుము. సీసపు అక్షరములతో అచ్చుపని జరిగిన దినములలో మన కూర్పరులు జకారమును పెట్టి, దాని యడుగున వత్తును పొదిగి, తలకట్టు చెడకుండ దీర్ఘమును చేర్చుటకు ఏండ్లతరబడి చేయి తిప్పుకొనెడివారు. ఇప్పుడా కూర్పరి స్థానమున నొక లెక్క కూర్చున్నది. యూనికోడు అను లోకసమ్మతమగు పట్టికలో 1991వ సంవత్సరమునుండి తెలుగునకు 128 గడులు కేటాయింపబడి యున్నవి. మనము మీట నొక్కునప్పుడు ఫోనులోనికి పోవునది ఆ గడి యంకెయేగాని బొమ్మ కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘము అను నాలుగంకెలను చూచి, వీనిని కలిపి యెట్టి రూపమున తెరపై గీయవలయునో నిర్ణయించునది వేరొక యంత్రక్రమము. ఆ క్రమము వ్రాసినవారు ఆ కానరాని చిహ్నము నడుమ వచ్చినచో నేమగునో పరీక్షింపలేదు, లెక్క తప్పినది, జ్ఞాపకస్థానము చెదరినది. ఆంగ్లమున కిట్టి గండము లేదు. వారి యక్షరములు వరుసగ నిలుచుండు సిపాయిలు. మనవి ఒకదానిపై నొకటి యెక్కి చెక్కభజన చేయునవి.

ఇది తెలుగునకు మాత్రమే పట్టిన గ్రహచారమునుగాదు. 2015లో అరబ్బీ యక్షరములుగల వార్త యొకటి ఇట్లే ఐఫోనులను పడగొట్టినది. 2020లో సింధీ యక్షరములవంతు వచ్చినది. వీనిని వరుసగ పెట్టి చూచినచో వ్యవహారము తెలియును. మనమీద వారికి పగయేమియు లేదు. మన లిపులలో వ్రాయువాడు వారి కంటికి ఆనడు, అంతే. అంగడివాడు తరచు అడుగబడు సరకును ముందరి అరలో పెట్టును, అడుగనిదానికి బూజు పట్టనిచ్చును.

అయినచో మన మడుగుచున్నామా? 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో తెలుగు తమ మాతృభాషయని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బంగాళీ, మరాఠీల తరువాత మనదే స్థానము. 2008లో మన భాషకు ప్రాచీనభాషా గౌరవము లభించినందుకు ఊరూర సభలు చేసి శాలువలు కప్పుకొంటిమి. ఆ సభలకు రండని నేడు పంపు ఆహ్వానము ఫోనులో ఏ లిపిలో వచ్చుచున్నదో చదువరులే చెప్పవలయును.

యువకులను నిందించుట సులభము. మొదట ఈ పాపము వారిది కాదని యొప్పుకొనుట ధర్మము. చేతిఫోనులు క్రొత్తగ వచ్చిన దినములలో అందు తెలుగు మీటలు లేవు. తెలుగున వార్త పంపగల్గినను, ఆంగ్లాక్షరములైన 160 పట్టు చీటిలో తెలుగు చిహ్నములు 70 మాత్రమే పట్టెడివి. వత్తును, గుడియును, సున్నయును వేర్వేరుగ లెక్కకు వచ్చును గనుక నాలుగు మాటలు చెప్పునప్పటికే చీటి నిండి రెండవదానికి రుసుము పడెడిది. పైసకు పైస లెక్కించుకొను విద్యార్థి రోమను లిపిని పట్టుటలో ఆశ్చర్య మేమున్నది? లిపి మార్చునట్లు చేసినది బీదతనము. ఆ లెక్క నేటికిని మారలేదు. బ్యాంకులును కార్యాలయములును సామాన్యుని ఫోనునకు పంపు హెచ్చరికలు తరచు ఆంగ్లములో నుండుటకు ఇదియు నొక కారణము.

కాని వాట్సాపునం దిట్టి చీటి లెక్క లేదు. ఫోనులలో తెలుగు మీటలు ఉచితముగ నున్నవి. కేంద్రప్రభుత్వము 2016లో చేసిన ఉత్తరువు ననుసరించి ఈ దేశమున విక్రయించు ఫోను 22 భారతీయ భాషలను చదువుటకు వీలుగ చూపవలయును. ఆంగ్లము, హిందీ, మరియొక దేశభాషలో వ్రాయుటకు వీలు కల్పింపవలయును. ఆ మరియొకటి తెలుగే కావలయునన్న నిర్బంధము లేదనుట గమనింపదగినది. ఏమైనను బీదతనపు సాకు తీరినది, అలవాటు మిగిలినది.

ఆ యలవాటువలన ఎవరు నష్టపడుచున్నారో చూడుడు. ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండి కువైత్తు మొదలగు దేశములకు బ్రతుకుతెరువునకై పోయినవారు ఇంటింటికి నున్నారు. వానలు లేని సీమలో సేద్యము కూడు పెట్టనందున ఎడారిదేశమున కూలి వెదకికొన్న బిడ్డలు వారు. అట్టి కొడుకు రాత్రి పని ముగించుకొని తల్లికి నాలుగు మాటలు వ్రాయును. ఆ తల్లి అయిదవ తరగతివరకు చదివినది, తెలుగు అచ్చు తడబడక చదువగలదు, ఏబీసీడీలు రావు. కొడుకు వ్రాసినది ఆమె భాషయే, ఆమెకు చదువరాని లిపి! ప్రక్కింటి పిల్లవాడు బడినుండి వచ్చువరకు ఆ యుత్తరము ఆమె చేతిలో మూగదై యుండును. ఇంటి గుట్టు, అప్పుల లెక్క, కోడలి ముచ్చట అన్నియు ఆ పిల్లవాని నోటనే వినవలయును. వాడైనను సరిగ చదువునా? రోమను లిపిలో కల్లునకును కళ్లకును భేదము లేదు. మందునకును మండునకును భేదము లేదు. కళ్లు మండుచున్నవని తల్లి చెప్పగా విని, మందు తెప్పించుకొనుమని కొడుకు వ్రాసిన వాక్యము ఆ లిపిలో నెట్లు వినబడునో వేరుగ జెప్పము. నవ్వవచ్చును, గాని ణకారమును, ళకారమును, దీర్ఘమును ఇట్లు నిత్యము పోగొట్టుకొను పిల్లలు రేపు తెలుగు పుస్తకమును విప్పినప్పుడు తడుముకొనక యేమి చేయుదురు?

వ్రాయ నేల, గొంతే పంపవచ్చును గదా యని యొక వాదము కలదు. కొడుకు గొంతు వినుటకంటె తల్లికి తీపి లేదు, కాదనము. అయినను భూమి హద్దుల మాటయు, వైద్యుడు చెప్పిన మోతాదును, బాకీ తీర్చిన తేదీయు గొంతులో దాచుకొని కావలసినప్పుడు వెదకికొనుట కష్టము. అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి. ప్రశ్నలకు మనుష్యునివలె బదులు చెప్పు యంత్రములు ఇప్పుడు వచ్చినవి. లోకము వ్రాసిపెట్టిన వ్రాతయే వానికి ప్రధానమైన చదువు. తెలుగు లిపిలో మనము వ్రాయనిచో అవి తెలుగును దేనినుండి నేర్చును? జ్ఞకారమును 2018లో పరీక్షింపనివారే రేపు మన భాషకు పంతుళ్లై కూర్చుందురు.

ఆటల సంగతియు నిట్టిదే. మన బాలురు గంటలతరబడి ఫోనులో ఆడు యుద్ధపుటాటలలో తెలుగు కానరాదు. ఆ ఆటలు సృష్టించినవారు కొరియావారో మరెవ్వరో, ఆజ్ఞలన్నియు ఆంగ్లములో. ప్రభుత్వములకు ఈ విషయమున తెలిసిన విద్య యొక్కటే: నిషేధము. ఆంధ్రప్రదేశ్‌లో పందెపుటాటలను 2020లోనే నిషేధించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో పబ్జీతో గూడ 118 యాపులను కేంద్రమువారు మూయించిరి. డబ్బుతో నాడు ఆటలను దేశమంతట మాన్పించు చట్టము 2025 ఆగస్టులో పార్లమెంటు ముగించుకొన్నది. పందెము మాన్పినందుకు మేము సంతోషించితిమి. అప్పులపాలైన కుటుంబముల గోడు మేము వినియున్నాము. కాని చెడ్డ ఆటను మూయించిన పిమ్మట పిల్లవాని చేతికి తెలుగున నడుచు మంచి ఆట నొక్కటి యిచ్చినవా రెవరు?

ఈ కడపసీమ అక్షరమునకు క్రొత్త కాదు. క్రీస్తుశకము 575 ప్రాంతమున రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన కలమళ్ల శాసనమే తెలుగు భాషలో మనకు దొరకిన తొలి శాసనమని పండితులు చెప్పుదురు. ఆ కలమళ్ల యీ సీమలోనిదే. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తన జీతము ఖర్చుపెట్టియు, చాలక అప్పులు చేసియు, పండితులను కూర్చి తాటాకు గ్రంథములను శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన నిఘంటువు 1852లో అచ్చుపడినది. తెల్లదొరకు గల యభిమానము మనకు లేదని వాపోవుట సభలలో వాడుకైనది గాని, మనవారును ఊరకుండలేదు. కంప్యూటరులో తెలుగు సరిగ కనబడని కాలమున తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు దూరదేశమున నుండియు పోతన, వేమన అను పేళ్లతో యూనికోడు అక్షరరూపములను తయారుచేసి ఉచితముగ నిచ్చిరి. ఒంటిమిట్టలో కొలువున్న కవి పేరు ఆ విధముగ యంత్రములోనికి ప్రవేశించినది! పెద్దన, తిమ్మన, ధూర్జటి పేళ్లు గల అక్షరరూపములును నేడు రుసుము లేక దొరకుచున్నవి. సొమ్ము అరలో నున్నది, వాడువాడు లేడు.

ఒంటిమిట్ట కోవెల శిథిలమై యుండగా ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి, కానికి కాని కూర్చి జీర్ణోద్ధరణము చేసిన కథ ఈ సీమలో పసిపిల్లలకును తెలియును. అంత శ్రమ మేము ఎవరిని నడుగుట లేదు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు వచ్చు కల్యాణోత్సవమునకు ఫోనులకు పంపు వార్తలను, చీటి ఒకటికి రెండైనను సరే, తెలుగు లిపిలోనే పంపుదురుగాక. బ్యాంకుల హెచ్చరికలు ఖాతాదారు కోరిన భాషలో రావలయునని రాష్ట్రప్రభుత్వము పట్టుబట్టవలయును. జిల్లా విద్యాధికారులు ఉన్నతపాఠశాలలలో వారమునకొక గంట తెలుగు మీటలపై వ్రాత నేర్పింపవలయును. తెలుగు పండితులకు ముందుగ నేర్పవలసి యుండుననుట మే మెరుగుదుము. ఇక కువైత్తునకు విమానమెక్కు బిడ్డలకు మా మనవి. బయలుదేరుటకు ముందు మీ ఫోనులోను అమ్మ ఫోనులోను తెలుగు మీటలు పెట్టించుకొని పొండు. రాజంపేటలోనో కడపలోనో ఫోనుల దుకాణమువానికి ఆ పని రెండు నిమిషములది.