కార్పొరేషన్ అయిన ఊర్లో మన ఇల్లెక్కడ? శ్రీరాంపూర్ బస్తీల నుంచి ఒక చూపు

మంచిర్యాల ఇప్పుడు మున్సిపాలిటీ కాదు, కార్పొరేషన్. 2025 జనవరిలో నస్పూర్ మున్సిపాలిటీని, హాజీపూర్ మండలంలోని కొన్ని ఊర్లను అందులో కలిపారు. నస్పూర్‌తో పాటే శ్రీరాంపూర్ కూడా వచ్చింది. అంటే ఆర్కే 5, ఆర్కే 6, ఆర్కే 7, ఎస్సార్పీ 1, ఎస్సార్పీ 3 బాయిలు, కృష్ణా కాలనీ క్వార్టర్లు, అరుణక్కనగర్ లాంటి బస్తీలు అన్నీ ఇక నగరమే. అంతకు ముందే, 2023 జూన్‌లో, నస్పూర్‌లో కొత్త కలెక్టరేట్ మొదలైంది. కలెక్టరేట్ వచ్చిన చోట భూమి ధర ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వెంచర్ల జెండాలే చెబుతాయి.

నగరం అయినందుకు మాకు దిగులేం లేదు. పల్లెను వదిలి పట్నం పొమ్మన్న అంబేడ్కర్ మాట మా తాతలు చదివి ఉండకపోవచ్చు గానీ, వాళ్లు చేసింది అదే. కరీంనగర్ జిల్లా, ఆదిలాబాద్ జిల్లా ఊర్లలో వెట్టి చేసిన మాల, మాదిగ, నేతకాని కుటుంబాలు దొర గడీ నుంచి తప్పించుకోవడానికి దొరికిన దారుల్లో బొగ్గు బాయి ఒకటి. బాయిలో దిగితే ప్రాణానికి భరోసా లేదు, కానీ నెల తిరిగేసరికి జీతం ఉండేది. ఆ జీతం దొరను అడిగి తీసుకునేది కాదు. మంచిర్యాల జిల్లా జనాభాలో ఎస్సీలు నాలుగో వంతుకు దగ్గరగా ఉండటానికి ఈ వలసలు కూడా ఒక కారణం అని మేము అనుకుంటున్నాం. కాబట్టి పట్నం మాకు పరాయి చోటు కాదు. ఈ పట్నం పెద్దదవుతున్నప్పుడు దాని నడిమధ్యన ఎవరు మిగులుతారు అన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి కాసేపు అమెరికా వెళ్లొద్దాం. న్యూయార్క్, షికాగో కాదు. మంచిర్యాల, కరీంనగర్ లాగే ఒకే పరిశ్రమ మీదో, రెండు మూడు పరిశ్రమల మీదో బతికిన నడితరం ఊర్లు అక్కడ చాలా ఉన్నాయి. నార్త్ కరోలైనాలోని డర్హమ్ అలాంటిది. పొగాకు కంపెనీల ఊరు. ఆ కంపెనీల్లో పనిచేసిన నల్లజాతి కార్మికులు హేటీ అనే పేట కట్టుకున్నారు. సొంత దుకాణాలు, చర్చిలు, సినిమా హాళ్లు, వైద్యులు అన్నీ ఉన్న పేట అది. 1949లో అమెరికా కాంగ్రెస్ చేసిన హౌసింగ్ చట్టం ‘మురికివాడల తొలగింపు’కు డబ్బులిచ్చింది. ఖర్చులో మూడింట రెండు వంతులు కేంద్రం భరిస్తుంది, ఊరి పాలకులు పేట ‘పాడైపోయింది’ అని తేల్చితే చాలు. డర్హమ్ పాలకులు హేటీని అలాగే తేల్చారు. పునర్నిర్మాణం పేరుతో, దాని మీదుగా వేసిన హైవే పేరుతో నాలుగు వేలకు పైగా ఇళ్లు, దాదాపు 500 వ్యాపారాలు పోయాయి. తిరిగి కట్టిస్తామన్న మాట అలాగే ఉండిపోయింది. ఒక పాత చర్చి మాత్రం మిగిలింది. దాన్ని ఇప్పుడు సాంస్కృతిక కేంద్రంగా నడుపుతున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, పేట నిజంగా పాడైపోయిందా లేదా అన్నది ఎవరు తేల్చారనేది. 1930లలోనే అక్కడి ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లవాళ్లు ఉన్న పేటలకు ఎర్ర రంగు వేసింది. ఎర్ర రంగు పడ్డ చోట బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు లేకపోతే ఇంటికి మరమ్మతు లేదు. ఇరవై ఏళ్ల తర్వాత అవే ఇళ్లను చూపించి ‘పాడుబడ్డాయి’ అన్నారు. మొదట రంగు వేసి, తర్వాత బుల్డోజర్ తెచ్చారు. 1955 నుంచి 1966 వరకు ఈ పథకం కింద అమెరికా అంతటా కనీసం 3 లక్షల కుటుంబాలు ఇల్లు వదిలాయని చరిత్రకారులు లెక్క కట్టారు. అందులో నల్లజాతి కుటుంబాల వాటా జనాభాలో వాళ్ల వాటా కన్నా చాలా ఎక్కువ. నిర్వాసితులకు, కిరాయిదారులతో సహా, ఒకే తీరు సాయం అందించాలన్న కేంద్ర చట్టం 1970లో వచ్చింది. అప్పటికి కూల్చాల్సినవి చాలావరకు కూల్చేశారు.

తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. పొగాకు కంపెనీలు డర్హమ్ వదిలి పోయాయి. ఖాళీ అయిన గోదాములు 2000 తర్వాత ఆఫీసులుగా, రెస్టారెంట్లుగా, ఖరీదైన అపార్ట్‌మెంట్లుగా మారాయి. డౌన్‌టౌన్ మళ్లీ కళకళలాడింది. ఆ గోదాముల్లో ఆకు మోసిన వాళ్ల మనవళ్లకు అక్కడ కిరాయి కట్టే తాహతు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1960లలో నల్లవాళ్ల పేట మీదుగా వేసిన ఐ-81 వంతెనను ఇప్పుడు కూలుస్తున్నారు. 2022లో అనుమతి వచ్చింది. వంతెన పోతే దాని కింది భూమి బయటపడుతుంది. ఆ భూమి ఎవరిది కావాలన్న గొడవ అక్కడ ఇంకా నడుస్తోంది. యాష్‌విల్ నగర కౌన్సిల్ మాత్రం 2020 జులైలో తీర్మానం చేసి, తన పాత్రకు క్షమాపణ చెప్పింది. మన దగ్గర ఏ మున్సిపాలిటీ అయినా ఒక దళితవాడ విషయంలో అలాంటి తీర్మానం చేసిందని మేమైతే వినలేదు.

ఇప్పుడు శ్రీరాంపూర్‌కు వద్దాం. ఇక్కడ ఎర్ర రంగు పని చేసేది పటం కాదు, పట్టా. సింగరేణి భూమి మీద బొగ్గు పట్టాల ఊర్లు రెండు రకాలుగా పెరిగాయి. ఒకటి కంపెనీ కట్టిన క్వార్టర్లు. నీళ్లు, కరెంటు కంపెనీవే. గ్రేడును బట్టి క్వార్టర్ టైపు, అధికారులకు బంగ్లాలు. రెండోది క్వార్టర్ దొరకని కార్మికులు, రోజుకూలీలు, చిల్లర వ్యాపారులు, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన కుటుంబాలు వేసుకున్న బస్తీలు. కార్మికుడు జీవితమంతా క్వార్టర్‌లో ఉన్నా ఆ ఇల్లు అతనిది కాదు. దిగిపో అన్న రోజు సామాను ఆటోలో వేసుకుని పక్క బస్తీలో రేకులు వేసుకోవాల్సిందే. సింగరేణి కార్మికులు సొంతింటి పథకం కోసం, కంపెనీ స్థలం ఇవ్వాలని ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇందుకే.

2014 డిసెంబర్ 30న వచ్చిన జీవో 58, 59 గురించి చదువరులకు తెలుసు. ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల లోపు అయితే ఉచితంగా, మిగతా వాళ్లకు డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరణ. బస్తీ వేసిన నేల కంపెనీ చేతిలో ఉంటే ఇవి పనికిరావు. అందుకే 2019లో జీవో 76 వచ్చింది. కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన భూమిలో ఉన్న ఇళ్లను క్రమబద్ధం చేయడం దాని పని. బెల్లంపల్లిలో, కొత్తగూడెంలో వేలాది కుటుంబాలు దానికోసం ఎదురుచూశాయి.

కానీ ఆ జీవోలోని కిటుకు ‘అప్పగించిన’ అన్న మాటలో ఉంది. కంపెనీ భూమిని ఎప్పుడు అప్పగిస్తుంది? అవసరం తీరినప్పుడు. బెల్లంపల్లిలో బాయిలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి, ఊరు సగం ఖాళీ అయ్యాక పట్టా మాట వచ్చింది. శ్రీరాంపూర్‌లో బాయిలు నడుస్తున్నాయి, పక్కన ఓపెన్‌కాస్ట్ ఉంది. ఇక్కడ భూమికి విలువ ఉంది కాబట్టే పట్టా దూరం. పని ఉన్న చోట ఇంటికి హక్కు లేదు, హక్కు వచ్చిన చోట పని లేదు. ఇది ఎవరో ఒక అధికారి తప్పు అని మేము అనడం లేదు. ఏర్పాటే అలా ఉంది.

పట్టా లేకపోవడం ఒక్కటితో ఆగదు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సంగతి చూడండి. 5 లక్షల రూపాయల సాయం. దరఖాస్తుదారులను విడదీసి, సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేని వాళ్లను ఎల్-1లో, జాగా కూడా లేని వాళ్లను ఎల్-2లో పెట్టారు. మొదటి వరుస ఎల్-1కే. తరతరాలుగా భూమి లేని కులాలు ఏ వరుసలో పడతాయో సర్వే చేయకుండానే చెప్పొచ్చు. కంపెనీ భూమిలో ముప్పై ఏళ్లుగా ఉన్నవాడికి జాగా ఉందనాలా, లేదనాలా? ఉంది అంటే కాగితం చూపమంటారు. లేదు అంటే వెనక వరుస.

తొలగింపు దగ్గరికి వచ్చేసరికి మాట ఇంకో రకంగా మారుతుంది. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 3(సి) చదవండి. ‘ప్రభావిత కుటుంబం’ అంటే భూమి యజమాని మాత్రమే కాదు. సేకరణకు ముందు మూడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ కాలం పట్టణ భూమిలో నివాసం ఉన్న కుటుంబం కూడా అందులో ఉంది. కిరాయిదారు, కౌలుదారు, కూలీ కూడా ఉన్నారు. చట్టం ఇంత బాగుంటే మరి రోడ్డు వెడల్పులో, నాలా పనుల్లో బస్తీలకు ఏమీ ఎందుకు రాదు? ఎందుకంటే అక్కడ ‘సేకరణ’ అన్న మాటే వాడరు, ‘ఆక్రమణ తొలగింపు’ అంటారు. ఆ ఒక్క మాటతో చట్టం మొత్తం పక్కకు పోతుంది. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసినప్పుడు చాలామంది సంతోషించారు. సంతోషించాల్సిందే. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. మన బస్తీలు ఎక్కడ ఉంటాయి మరి? ఆ తీర్పుకు కొద్ది వారాల ముందే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. అమెరికా పటాల్లో ఎర్ర రంగు గురించి పైన రాసింది గుర్తుకు రాక మానదు. వాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు నిజమే. అయితే చాదర్‌ఘాట్‌లో ఇంటి పనికి నడిచి వెళ్లే ఆడమనిషికి ఊరవతల ఇల్లు ఇస్తే, ఇల్లు వచ్చి పని పోతుంది.

సరే, బస్తీ వద్దు, కార్పొరేషన్ నడిమధ్యన కిరాయికి ఉందామంటే? ‘మీరేమోళ్లు?’ అన్న ప్రశ్న మంచిర్యాలలోనూ, కరీంనగర్‌లోనూ కిరాయి ఇంటి గేటు దగ్గరే ఎదురవుతుంది. ఇది మన భ్రమ కాదు. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఫోన్‌లో దళిత పేరు చెప్పి ఇల్లు అడిగితే దాదాపు 18 శాతం మంది యజమానులు నేరుగా లేదన్నారు, ముస్లిం పేరు చెబితే 31 శాతం. అగ్రకుల పేరు చెబితే ఎవరూ లేదనలేదు. అమెరికాలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇలాంటి నిరాకరణను నేరుగా నిషేధించింది. మన దగ్గర చట్టమే లేదని చాలామంది కార్యకర్తలు అనుకుంటారు. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం సెక్షన్ 4 చూడండి. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనుక్కోకుండా, నివసించకుండా అడ్డుకోవడం ఆ సెక్షన్ కింద నేరం. హోటల్, బావి గురించి ఆ సెక్షన్‌ను వాడినంతగా కిరాయి ఇంటి గురించి వాడలేదు. వాడాలి. లా చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీని మీద కూర్చోవాలని మా విన్నపం.

శ్రీరాంపూర్‌కు ఇంకో సంగతి కూడా ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా 16 వేల మంది దాకా పనిచేసేవాళ్లు. ఇప్పుడు 40 వేల చిల్లర. మనుషులు తగ్గారు కాబట్టి కొన్ని క్వార్టర్లు ఖాళీగా ఉన్నాయి, కిటికీలు, తలుపులు పోయి పాడుబడుతున్నాయి. మరోపక్క కాలనీలు ఊడ్చేవాళ్లు, ఆస్పత్రి కడిగేవాళ్లు, సివిల్ పనులు చేసేవాళ్లు కాంట్రాక్టు కార్మికులు. వాళ్లలో దళితులు, ఆడవాళ్లు ఎక్కువ. 2022 సెప్టెంబర్‌లో 18 రోజులు సమ్మె చేసింది వీళ్లే. కాలనీ ఊడ్చే అమ్మకు ఆ కాలనీలో ఖాళీగా ఉన్న క్వార్టర్‌లో ఉండే హక్కు లేదు. ఆ ఖాళీ క్వార్టర్లు కాంట్రాక్టు కార్మికులకు ఇవ్వాలన్నది సంఘాల డిమాండ్లలో ఉంది గానీ, ఎప్పుడూ జీతాల డిమాండ్ కింద, చివరి వరుసలో ఉంటుంది. కార్పొరేషన్ అయ్యాక దాన్ని పైకి తేవాల్సిన సమయం వచ్చింది. లేకపోతే డర్హమ్ గోదాముల్లాగే ఆ క్వార్టర్ల స్థలం రేపు ఏ వెంచర్‌కో, ఏ కాంప్లెక్స్‌కో పోతుంది.

కొత్త కార్పొరేషన్‌కు మాస్టర్ ప్లాన్ కావాలి. ముసాయిదా పెట్టినప్పుడు జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఉంటుంది. ఆ పటంలో బస్తీ ఉన్న చోట ఏ రంగు వేశారో చూడటం మొదటి పని. పార్కు, రోడ్డు, వాణిజ్యం అని ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి, రసీదు తీసుకోవాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఓటరు కార్డు, పిల్లల బడి రికార్డు, ఏ ఏడాది నుంచి అక్కడ ఉంటున్నారో చెప్పే ఏ కాగితమైనా ఇంటింటికీ తిరిగి ఇప్పుడే జెరాక్స్ తీసి ఒక ఫైలులో పెట్టాలి. సెక్షన్ 3(సి)లో మూడేళ్లు అని ఉన్నదానికి రుజువు అదే. ఆడవాళ్ల పేరు మీద ఉన్న కాగితాలు ముందు తీయండి, మగవాడు పోయాక ఇల్లు ఎవరిదన్న గొడవ మన బస్తీల్లో తక్కువేం కాదు. ఈ పని కోసం మంచిర్యాలలో చదువుకుంటున్న విద్యార్థులు ఆదివారాలు ఇవ్వగలిగితే, అరుణక్కనగర్ నుంచి మొదలుపెట్టొచ్చు.