మోకాలి కంటే ముందు బొటనవేలు చూడండి

ఇంట్లో పెద్దాయన నడక మారిందనుకోండి. మోకాలికి ఎక్స్‌రే తీయిస్తారు, నడుముకు బెల్టు కొంటారు, కాల్షియం మాత్రలు తెస్తారు. కాలి బొటనవేలి మొదట్లో ఉన్న కీలును మాత్రం ఎవరూ పట్టించుకోరు. చాలా క్లినిక్‌లలో చెప్పులు గుమ్మం బయటే విప్పుతాం. అయినా పాదం చూపించకుండానే తిరిగొస్తాం. ఈ పద్ధతి మారాలి.

నడిచేటప్పుడు ముందు మడమ నేలకు ఆనుతుంది. బరువు మెల్లగా ముందుకు జరుగుతుంది. మడమ పైకి లేచేసరికి ఆ కాలి మీద భారమంతా వేళ్ల మొదళ్లలోని ఐదు కీళ్ల మీదకు చేరుతుంది. ఎక్కువ వాటా బొటనవేలిదే. దాని కీలు కింద బఠాణీ గింజలంత చిన్న ఎముకలు రెండుంటాయి, అవీ ఈ బరువు మోస్తాయి.

అసలు చమత్కారం అరికాలి పట్టీలో ఉంది. మడమ నుంచి వేళ్ల దాకా సాగే ఈ గట్టి పట్టీ, బొటనవేలు పైకి వంగినప్పుడు గిలక మీద చేంతాడులా కీలు చుట్టూ బిగుసుకుంటుంది. దాంతో పాదం వంపు పైకి లేచి, మెత్తని పాదం గట్టి మీటలా మారి మనల్ని ముందుకు నెడుతుంది. బ్రిటన్‌లో జె.హెచ్.హిక్స్ 1954లోనే దీన్ని వివరించారు. మీరూ చూడొచ్చు. నిలబడి, మీ బొటనవేలిని మరొకరిని పైకి ఎత్తమనండి. చాలామందిలో పాదం లోపలి వంపు కళ్లముందే లేస్తుంది.

ఆ కీలు అరిగి బిగుసుకుపోతే ఏమవుతుంది? మనిషి నడవడం మానడు, దొంగదారి వెతుక్కుంటాడు. పాదం బయటి అంచు మీద నడుస్తాడు, అడుగు కురచ చేస్తాడు. బొటనవేలు మోయాల్సిన బరువు పక్క వేళ్ల మొదళ్ల మీద పడి, అక్కడ చర్మం కాయ కాస్తుంది. దాన్ని బ్లేడుతో చెక్కుకునేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. కాయ జబ్బు కాదు, బరువు ఎక్కడ పడుతోందో చెప్పే గుర్తు. చెక్కితే గుర్తు పోతుంది, బరువు పోదు.

షుగర్ ఉన్నవారికి ఇది ప్రాణం మీదకొచ్చే విషయం. నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గితే ఒత్తిడి పడుతున్నా తెలియదు. కాయ కిందే పుండు మొదలవుతుంది. బొటనవేలి కింద, వేళ్ల మొదళ్ల కింద ఇలాంటి పుండ్లు ఎక్కువ. అలాంటివారు బ్లేడు ముట్టుకోకూడదు, ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగకూడదు. రోజూ అరికాలు చూసుకోవాలి, వంగలేకపోతే అద్దం పెట్టుకోవాలి. ఏడాదికోసారైనా పాదం స్పర్శ పరీక్ష చేయమని మీరే అడగండి. సన్నటి నైలాన్ పోగుతో నిమిషాల్లో అయిపోయే పని అది.

చెప్పుల విషయంలో ‘మెత్తగా ఉంటే మంచిది’ అన్న మాట అందరికీ వర్తించదు. మామూలు పాదానికి షూ వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో కాదు. బొటనవేలి కీలు బిగుసుకున్నవారికి మాత్రం గట్టి అడుగుండి, ముందువైపు కాస్త పైకి తిరిగిన షూ హాయినిస్తుంది. వంగలేని కీలు పనిని షూ చేస్తుంది మరి. ఎత్తు మడమల చెప్పులైతే ముందు కీళ్ల మీద భారం పెంచుతాయి. పెళ్లికి ఒక పూట వేసుకుంటే సరే, రోజూ ఆఫీసుకు వద్దు.

నా అసలు కోపం స్కూలు షూ మీద. ముక్కు సన్నగా, అడుగు చెక్కలా ఉన్న నల్ల షూను ఎదిగే పాదానికి రోజంతా తొడుగుతున్నాం. రెండేళ్లు రావాలని ఒక సైజు పెద్దది కొని, బిగుతయ్యాక కూడా పరీక్షలయ్యేదాకా నెట్టిస్తాం. వెడల్పాటి కాన్వాస్ షూకు అనుమతివ్వమని తల్లిదండ్రుల సమావేశంలో అడగడానికి మొహమాటం దేనికి? ఈసారి షాపుకు వెళ్లేముందు పిల్లను కాగితం మీద నిలబెట్టి పాదం గీత గీయండి. సాయంత్రం గీస్తే మేలు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. షాపులో ఆ కాగితం మీద షూ పెట్టి చూడండి. గీత బయటకు కనిపిస్తే ఆ జత కొనకండి.