అరవై కేజీల మనిషికి ఏ పడవ?

మా అన్నయ్య కూతురు సౌతాంప్టన్‌లో ఉంటుంది. బరువు 58 కేజీలు. ఐదేళ్లుగా ఐఎల్‌సీఏ 6 నడుపుతోంది. మొన్న ఫోన్ చేసి, "బాబాయ్, వైరు మీద వేలాడుతూ ఒక్కదాన్నే నడుపుకునే పడవ కొనుక్కుందామనుకుంటున్నా. నా బరువుకి ఏది సరిపోతుందో చెప్పు" అంది. నేనూ 62 కేజీల వాణ్నే. హుస్సేన్ సాగర్‌లో లేజర్ మీద నేర్చుకుని, ఇంగ్లండ్ వచ్చాక ఎనిమిదేళ్లుగా కంటెండర్ నడుపుతున్నాను. కాబట్టి నా పడవ పేరే చెప్పేయొచ్చు. కానీ అది తన డబ్బు, తన నడుము. వారం రోజులు ఆలోచించాకే మాట్లాడాను.

బక్కపలచని వాళ్ల బాధ ఏమిటో హుస్సేన్ సాగర్‌లోనే నాకు తెలిసొచ్చింది. వానాకాలం గాలి బిగిసిందంటే పడవ ఒరిగిపోతుంది. దాన్ని నిలబెట్టేంత బరువు ఒంట్లో ఉండదు. షీట్ తాడు వదలక తప్పదు. వదిలితే తెరచాప టపటపా కొట్టుకుంటుంది, వేగం పోతుంది. ఆలోపు 80 కేజీల వాడు అంచు మీద నిమ్మళంగా కూర్చుని మనల్ని దాటుకుని వెళ్లిపోతాడు.

దీనికి రెండు దారులున్నాయి: చాప తగ్గించుకోవడం, లేదా మీట పొడుగు చేసుకోవడం. మొదటి దారి చిన్నచూపు చూడదగ్గది కాదు. మా అమ్మాయి నడిపే ఐఎల్‌సీఏ 6కి 5.76 చదరపు మీటర్ల చాప. అదే హల్ (పడవ ఒళ్లు) మీద పెద్ద చాప కడితే 7.06. ఆర్ఎస్ ఏరో అయితే హల్ 30 కేజీలే. చాపలు నాలుగు సైజుల్లో దొరుకుతాయి, బరువుని బట్టి ఎంచుకోవచ్చు. ఒడ్డు మీద ఎవరి సాయం లేకుండా ఆడపిల్ల ఒక్కతే లాక్కెళ్లగలదు. మోకాళ్లు, నడుము అరగడం తప్ప ఆ దారిలో పెద్ద ఇబ్బంది లేదు. "అదే నాకొద్దు బాబాయ్, తొడలు మండిపోతున్నాయి" అంది.

ఇక రెండోది. లెక్క పెద్ద కష్టం కాదు. అంచు మీద కూర్చుని వెనక్కి వాలితే ఒంటి బరువు పడవ నడిమి గీతకు సుమారు 1.2 మీటర్ల దూరంలో పడుతుంది. 60 కేజీల మనిషికి అది 72. వైరుకి కొక్కెం తగిలించుకుని, అంచు మీద పాదాలు పెట్టి ఒళ్లంతా బయటికి చాస్తే ఆ దూరం 1.7 దాకా వెళ్తుంది, లెక్క 102 అవుతుంది. 85 కేజీల మనిషి అంచు మీద కూర్చుంటే వచ్చేదీ సరిగ్గా 102. అంటే వైరు మనకు పాతిక కేజీలు ఊరికే ఇస్తుంది. 1938లో పీటర్ స్కాట్, జాన్ వింటర్ ఇంటర్నేషనల్ 14 పడవకు ఈ వైరు కట్టి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్ గెలిచాక, ఆ తరగతిలో దీన్ని నిషేధించారు. అంత లాభం ఉందన్నమాట.

అయితే ఆ 85 కేజీల వాడూ వైరు ఎక్కితే? అతనికి 144.5 వస్తుంది. వైరు మనకు చేసిన మేలే అతనికీ చేస్తుంది. ఒకే రకం పడవల పందెంలో మన వెనుకబాటు మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడే పడవల మధ్య తేడా తెలుస్తుంది.

కంటెండర్ పుట్టిందే ఫిన్‌కి బదులుగా. ఒలింపిక్స్‌లో ఒంటరిగా నడిపే పడవగా ఉండిన ఫిన్‌కి 90 కేజీలు దాటిన ఒళ్లు కావాలి. దాని స్థానంలో వేరేది వెతకాలని అంతర్జాతీయ సంఘం పరీక్షలు పెట్టినప్పుడు, ఆస్ట్రేలియాకు చెందిన బాబ్ మిల్లర్ 1967లో గీసిన పడవ ఇది. ఆయనే తర్వాత బెన్ లెక్సెన్‌గా పేరు మార్చుకుని, 1983లో అమెరికాస్ కప్ గెలిచిన ఆస్ట్రేలియా 2ని గీశాడు. పరీక్షల్లో కంటెండర్ నెగ్గినా ఒలింపిక్స్ చేరలేదు. ఫిన్ టోక్యో దాకా ఉంది.

కంటెండర్ 4.87 మీటర్ల పొడవు, 1.42 వెడల్పు. చాప ఒక్కటే, 11 చదరపు మీటర్లకు కాస్త తక్కువ. మాస్ట్ బాగా వంగుతుంది. గాలి పెరిగినప్పుడు కన్నింగ్‌హామ్ తాడు బిగిస్తే పై అంచు తెరుచుకుని గాలి దానంతటది జారిపోతుంది. నాబోటి వాడు ఆ తాడు దయతోనే బతికి బయటపడుతున్నాడు. 15 నాట్ల దాకా పెద్ద తేడా తెలియదు. ఆపైన ఎదురుగాలిలో బరువైన వాళ్లు ముందుంటారు, అది ఒప్పుకోవాలి. గాలివాటంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. పడవ, చాప, మాస్ట్ కలిపి 100 కేజీలు అనుకుంటే నాతో 162, 85 కేజీల వాడితో 185. నా పడవ ముందుగా నీటి మీదికి లేస్తుంది. గాలి తక్కువున్న రోజూ నాదే.

దోషం కూడా బరువే. హల్ కనీస బరువు 83 కేజీలు. ఆటుకి నీళ్లు తగ్గిన రాతి వాలు మీద ట్రాలీతో దాన్ని పైకి తోయడం 58 కేజీల మనిషికి శిక్ష. ఇది నేను దాచలేదు.

అటువైపు మస్టో స్కిఫ్. జర్మనీకి చెందిన యోఆఖిం హార్ప్రెక్ట్ గీశాడు. 11.3 చదరపు మీటర్ల చాపకు తోడు 15.5 చదరపు మీటర్ల గెనేకర్, అంటే గాలివాటంలో ఎత్తే అదనపు చాప. హల్ కంటెండర్ కన్నా బాగా తేలిక. పక్కలకు రెక్కల్లా చాచిన ర్యాకులుంటాయి, కాబట్టి మీట ఇంకా పొడుగు. వెడల్పు 2.2 మీటర్లనుకుంటే, అందులో సగానికి బయటికి చాచిన ఒంటి దూరం కలిపి 60 కేజీల మనిషికి 126 వస్తుంది. ఆర్ఎస్ 700లో ఇంకో అడుగు ముందుకేశారు: తేలికైన వాళ్లు ర్యాకులు వెడల్పు చేసుకోవాలి, తక్కువైన బరువుకి సీసం మోయాలి. కాగితం మీద ఇది మనలాంటి వాళ్లకే చేసినట్టుంటుంది. కానీ ఆ సీసంతో చిరుగాలిలో, గాలివాటంలో మనకున్న లాభాన్ని మనమే అప్పజెప్పుతాం. పైగా మీట సమానమైనంత మాత్రాన చేతుల బలం సమానం కాదు. చుక్కాని కర్రని మోకాళ్ల మధ్య బిగబట్టి, ఒక చేత్తో 15 చదరపు మీటర్ల గుడ్డని పైకి లాగి, వెంటనే వైరు ఎక్కాలి. లాగడం ఆలస్యమైతే పడవ ఆగదు.

ఒకసారి స్నేహితుడి ర్యాకుల పడవ అడిగి తీసుకున్నాను. 18 నాట్ల గాలి, మార్చి నీళ్లు. గెనేకర్‌తో గాలివాటంలో మలుపు తిప్పుతుంటే పడింది, పడి తలకిందులైంది. ర్యాకు పట్టుకుని ఎక్కి, సెంటర్‌బోర్డు మీద నిలబడి తాడు లాగితే మాస్ట్ నీటి మట్టం దాకా వచ్చి ఆగిపోయింది. నీళ్లు నిండిన గెనేకర్ దాన్ని కిందికి పట్టుకుంది. 62 కేజీలు చాలలేదు. మళ్లీ నీళ్లలోకి దిగి గెనేకర్ లోపలికి లాక్కుని ఎక్కాను. మూడోసారికి లేచింది. ఎక్కి కూర్చున్నాక వేళ్లు మడత పడలేదు. రక్షక పడవ ఒడ్డుకి లాక్కెళ్లింది. ఎన్ని లెక్కలు వేసినా, తేలికైన మనిషి పడవ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ఇదే: పడితే ఒంటరిగా లేపగలవా?

ఇంకొకటి, ఎత్తు. మా అమ్మాయి ఐదడుగుల ఏడంగుళాలు. వైరు మీద అదే బరువున్న పొట్టి మనిషి కన్నా ఆమె బరువు దూరంగా పడుతుంది. ఒడ్డున ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

మంచి ఈత, రెండేళ్ల ఓపిక, వారానికి రెండు రోజుల తీరిక ఉన్నవాళ్లకి మస్టో స్కిఫ్ వద్దనను. గెనేకర్ నిండినప్పటి ఆ పరుగు కంటెండర్ ఇవ్వలేదు. అయితే ఈమె ఇంతవరకూ వైరు ఎక్కలేదు. ఒంటరిగా వైరు మీద మలుపు తిప్పడమే ఒక చదువు. లోపలికి ఊగి వచ్చి, కొక్కెం విడిపించుకుని, కర్రని వెనకనుంచి తిప్పి, బూమ్ కింద వంగి, అవతలి రింగు అందుకుని, తగిలిందో లేదో చూసుకునే లోపు బయటికి నెట్టుకోవాలి. ఇది ఒంటికి పట్టకముందే గెనేకర్ తాడు కూడా చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. సెకండ్ హ్యాండ్ కంటెండర్ కొనమన్నాను. ఒడ్డు మీద తొయ్యడానికి మనిషిని చూసుకోమన్నాను.

వచ్చే నెల మా క్లబ్బుకి వస్తానంది. నా పడవనే ముందు బోయా దగ్గర పడేసి లేపమన్నాను. రెండుసార్లు ఒంటరిగా లేపితే వైరు ఎక్కుతుంది. కొనే మాట ఆ తర్వాతే.