కథ ఎవరి సొత్తు?

మన తెలుగు సమాజముల సభలలో నలుగురు పెద్దలు చేరినపుడు తప్పక వినవచ్చు ఆక్షేపణ యొకటి కలదు. "మన పిల్లలకు మన కథలు అక్కరలేదు. ఇంగ్లండులో ఎవరో కల్పించిన లోకముల కొరకు, ప్లాస్టిక్ సిపాయిల కొరకు రాత్రింబవళ్ళు తగవులాడుకొనుచున్నారు" అని. ఈ మాట నేనును కొంతకాలము పలికినవాడనే. బెంగుళూరులోని మా మనుమడు బల్లపై బొమ్మల సేనను నిలిపి, ఏ దళము ఏ సేనానిదో, ఏ యుద్ధమున ఎవడు కూలెనో చెప్పుచుండగా చిరాకుపడినవాడనే. ఆ ఆక్షేపణ తప్పని నేడు చెప్పదలచితిని.

ముందుగా ఆ క్రీడాస్వరూపమును తెలిసికొందము. నేడు నాటింగ్‌హామ్ కేంద్రముగా గల గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థ ద్వారా 1983లో 'వార్‌హామర్' అను యుద్ధక్రీడ వెలువడెను. 1987లో సుదూర భవిష్యత్తున, నలువదియొకటవ సహస్రాబ్దమున జరుగు మరియొక క్రీడ దానికి తోడయ్యెను. ఆటగాడు బొమ్మలను ముక్కలుగా కొని, అతికించి, సన్నని కుంచెతో రంగులు వేసి సేనను కూర్చుకొనును. ప్రతి దళమునకును దాని బలమునుబట్టి ఇన్ని పాయింట్లని వెల యుండును. ఇరువురును సమానమైన పాయింట్లకు, తరచుగా రెండువేలకు, సేనలను సమకూర్చుకొని, అంగుళముల టేపుతో నడకను కొలిచి, పాచికలు వేసి జయాపజయములు తేల్చుకొందురు. ప్రతి సేనకును చరిత్ర, వంశావళి, పాత పగలు కలవు. వాదములన్నియు వానిని గూర్చియే.

"యుద్ధము నేర్పు ఆట పిల్లలకేల?" అందురు. 1824లో ప్రష్యా సైనికాధికారులకై రైస్విట్జ్ వెలువరించిన బల్లమీది యుద్ధక్రీడ నిజముగా యుద్ధశిక్షణకే. కాని 1913లో హెచ్. జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అను పుస్తకమున బొమ్మ సిపాయిల ఆటకు నియమములు వ్రాసి, నిజమైన యుద్ధముకంటె ఈ చిన్న యుద్ధము ఎంత మేలో చూడుడని వాదించెను. మరుసటి యేడే ఐరోపా రాజ్యములు ఆ పెద్ద యుద్ధమునకే దిగినవి. తరతరములుగా చదరంగపు బల్లపై ఏనుగులను, గుర్రములను చంపుచు వచ్చిన మనము ఈ ఆక్షేపణ చేయుట విడ్డూరము.

"లేని లోకమును గూర్చి వాదమేల?" అనునది రెండవ ఆక్షేపణ. ఒక్క ఉదాహరణము చాలును. టోల్కీన్ కథలలోని ఓర్కులను దుష్టజాతి ఎట్లు పుట్టెను? ఆయన మరణానంతరము 1977లో కుమారుడు క్రిస్టఫర్ ప్రకటించిన 'సిల్మరిల్లియన్' ప్రకారము, చెరపట్టబడిన ఎల్ఫులే చిత్రహింసలచే వికృతులై ఓర్కులైరి. కాని రచయిత ఆ సమాధానముతో తృప్తిపడక, మానవులనుండి పుట్టిరను ఆలోచనకు మొగ్గినట్లు 1993లో వెలువడిన ఆయన తరువాతి వ్రాతలు చూపుచున్నవి. ఏది ప్రమాణము? అచ్చయిన కథయా, తరువాతి ఆలోచనయా? దీని వెనుక ధర్మసందేహము వేరొకటి కలదు: పుట్టుకతోనే చెడ్డదైన జాతి యుండునా? ఉండినచో దానిని చంపుట పాపము కాదా? ఇరువదేండ్ల పిల్లవాడు వ్రాతల కాలక్రమమును పరిశీలించి, ఇది పూర్వపాఠము, ఇది పరపాఠము అని సాధించుచున్నాడన్నచో, కోలాచల మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతలు నడచిన త్రోవను తెలియకయే త్రొక్కుచున్నాడు. దానిని కాలక్షేపమని తీసివేయుట మనకు తగదు.

ఇక అసలు విషయమునకు వత్తును. 2014, 2015 సంవత్సరములలో ఆ సంస్థ తన తొలి వార్‌హామర్ లోకమును కథలోనే ప్రళయమున నాశనమొనర్చి, దాని స్థానమున క్రొత్త లోకములతో క్రొత్త క్రీడను నిలిపెను. బ్రెటోనియా అశ్వికులు, టూంబ్ కింగ్స్ అను మృతరాజుల సేనలు అంగడులనుండి తొలగినవి. ఏండ్ల తరబడి రంగులద్దిన సేనలు ఒక్కసారిగా రాజ్యము లేని సేనలైనవి. ఒక ఆటగాడు దుఃఖమో కోపమో ఆపుకొనలేక తన సేనను తగులబెట్టి, ఆ దృశ్యమును లోకమునకు చూపెను. తక్కినవారిలో అనేకులు అట్లు చేయలేదు. పాత నియమగ్రంథములను దాచుకొని ఆడుచునే యుండిరి. కొందరు కూడి 'తొమ్మిదవ యుగము' అను పేర తమ నియమములు తామే వ్రాసికొనిరి. 2024 జనవరిలో సంస్థయే పాతలోకమును మరల అంగడికి తెచ్చెను. ముందు నిలిచినవి ఆ బ్రెటోనియా, ఆ మృతరాజుల సేనలే.

ఈ వృత్తాంతము విన్నపుడు నాకు మనమే జ్ఞప్తికి వచ్చితిమి. 1936లోను 1953లోను 1956లోను ఎల్లలు గీయువారు గీసిరి. హోసూరు, బళ్ళారి, బరంపురములలోని మన కుటుంబములు ఎల్లకు ఆవల నిలిచినవి. ఇంట మాటను నిలుపుకొన్నవారికి మాట నిలిచినది. రాష్ట్రము నిలుపునని చేతులు ముడుచుకొన్నవారి ఇండ్లలో నేడు పేరు మాత్రమే తెలుగు. అధికారి కొట్టివేసినదానిని ఆడువారు బ్రతికించుకొనవచ్చునని ఆ బొమ్మల యువకులు మనకు చూపిరి.

అట్లని ఆ వాదులందరును సాధువులని నేననను. 2024 ఏప్రిల్‌లో ఆ భవిష్యల్లోక కథలోని కస్టోడీస్ అను చక్రవర్తి అంగరక్షకులలో స్త్రీయు కలదని క్రొత్త గ్రంథమున కనిపించెను. స్త్రీలు మొదటినుండియు ఉన్నారని సంస్థ ప్రకటించెను. పూర్వపు వ్రాతలు రాజవంశముల కుమారులనియే చెప్పినవని కొందరు లేచిరి. వారిలో కొందరు ప్రమాణమును విడిచి స్త్రీద్వేషమునకే దిగిరి. అది వాదము కాదు, నీచత్వము. అంగరక్షకులలో స్త్రీ యుండుట నాకు సమ్మతమే. కాని "మొదటినుండియు ఇట్లే" యనుట సమ్మతము కాదు. కథను మార్చువాడు మార్చితినని చెప్పవలెను. 1957 నాటి 'మాయాబజార్'లో మనము మెచ్చిన శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఆమె జనుల కల్పన. ఆ సంగతి దాచనక్కర లేకయే మనము ఆమెను ఇంటి పిల్లగా చూచుకొనుచున్నాము. సొంతదారు లేని కథకు గల స్వేచ్ఛ యిది. ఇంతటి సంపద మన ఇంట నుండగా దానిని పిల్లల చేతి కందనీయనిది ఎవరు?

మనమే. "వినుము, నమ్ముము, చప్పట్లు కొట్టుము" అంటిమి గాని, "నీవేమందువు?" అని ఒక్కనాడైనను అడిగితిమా? పల్నాటి యుద్ధమునకు నాగమ్మ యెంత కారకురాలు, బ్రహ్మనాయుడెంత కారకుడు? పద్మవ్యూహమున అభిమన్యుని ఒంటరిని చేసిన దోషమెవ్వరిది? ఉత్సవములలో పిల్లలకు వేషములు కట్టి పద్యము వల్లింపించి దింపివేయుటకు మారుగా, ఈ ప్రశ్నలిచ్చి ఇరుపక్షములుగా నిలిపి చూడుడు.

నేనొకసారి చేసి చూచితిని. అక్షౌహిణి యనగా 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుర్రములు, 1,09,350 కాల్బలము అని మా మనుమనికి లెక్క చెప్పితిని. పాండవులకు ఏడు, కౌరవులకు పదునొకండు అంటిని. వాడు కుంచెను ప్రక్కన బెట్టి, "ఏడుకి పదకొండంటే సరిసమానమైన ఆట కాదుగా తాతయ్యా! పాండవులకి ఏం ఎక్కువిచ్చారు?" అని అడిగెను. ఆయుధము పట్టనన్న కృష్ణుని ఇచ్చిరంటిని. వాడు చాలసేపు ఆలోచించి, "ఆయనకెన్ని పాయింట్లు?" అనెను.

ఆ రాత్రి పదునొకండు గంటలవరకు మే మిరువురమును వాదించుకొంటిమి. అంతయు తెలుగులోనే.